రాకాసి స్క్విడ్: పొడవు మాట ఎంతవరకు నమ్మొచ్చు?

2014 జనవరిలో ఒక ఫొటో దేశదేశాలు తిరిగింది. కాలిఫోర్నియాలోని శాంటా మోనికా తీరంలో ఇసుక మీద పడి ఉన్న బ్రహ్మాండమైన స్క్విడ్, దాని చుట్టూ బొమ్మల్లా కనిపించే జనం. పొడవు 160 అడుగులని, ఫుకుషిమా అణు రేడియేషన్ వల్లే అంతగా పెరిగిందని రాశారు. అది కంప్యూటర్‌లో అతికించిన బొమ్మ. అయితే అందులోని స్క్విడ్ మాత్రం నిజమైనదే. అంతకు మూడు నెలల ముందు, 2013 అక్టోబరులో, స్పెయిన్ ఉత్తర తీరంలోని కాంటాబ్రియాలో ఒడ్డుకు కొట్టుకొచ్చింది. దాని పొడవు సుమారు 9 మీటర్లు, బరువు 180 కిలోలు. 9 మీటర్లంటే 30 అడుగులు. ఆ బొమ్మ తయారుచేసినవాళ్లు దాన్ని ఐదింతలకు పైగా సాగదీశారు.

160 అడుగులు అబద్ధమని తెలుసుకోవడానికి పరిశోధన అక్కర్లేదు. 160 అడుగులంటే దాదాపు 49 మీటర్లు. భూమ్మీద మనకు తెలిసిన అన్ని జంతువుల్లోకీ పెద్దదైన నీలి తిమింగలమే 30 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఈ ఒక్క అంకె గుర్తుంటే ఇలాంటి ఫొటోల్లో చాలావాటిని అక్కడికక్కడే పక్కన పెట్టేయొచ్చు.

ఆ ఫొటోను పక్కన పెట్టినా అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది. నిజంగా ఈ జీవి ఎంత పెద్దది? ఈ ప్రశ్నకు నూటయాభై ఏళ్లుగా రకరకాల జవాబులు వస్తున్నాయి. అవన్నీ పచ్చి అబద్ధాలేమీ కావు. చాలావరకు టేపు పట్టి నిజాయితీగా కొలిచినవే. తేడా వచ్చిందల్లా కొలిచిన భాగంలో.

ముందు జీవిని పరిచయం చేసుకుందాం. విశాఖ, కాకినాడ రేవుల్లో దిగే స్క్విడ్‌ను మీరు చూసే ఉంటారు. మెత్తని గొట్టంలాంటి ఒళ్లు, ఒక కొసన రెక్కలు, రెండో కొసన తల, ఆ తలకు ఎనిమిది చేతులు. ఆక్టోపస్‌కు ఉండేవి ఆ ఎనిమిదే. స్క్విడ్‌కు వాటితోపాటు ఇంకో రెండు సన్నని, బాగా పొడవైన వేటచేతులు ఉంటాయి. వీటిని టెంటకిల్స్ అంటారు. ఎరను దూరం నుంచే అందుకుని నోటి దగ్గరికి లాక్కోవడం వీటి పని. గొట్టంలాంటి ఒంటికి మాంటిల్ అని పేరు. గుండెలు, మొప్పలు, కడుపు అన్నీ దాని లోపలే ఉంటాయి. గుండెలు అన్నది అచ్చుతప్పు కాదు, స్క్విడ్‌కు మూడు గుండెలు. టెంటకిల్స్, మాంటిల్ అన్న ఈ రెండు మాటలు తెలిస్తే కొలతల గొడవ సగం తీరిపోతుంది.

లోతు సముద్రంలో రెండు రకాల రాకాసి స్క్విడ్‌లు ఉన్నాయి. వార్తల్లో రెండింటినీ కలిపేస్తుంటారు. మొదటిది జెయింట్ స్క్విడ్. డెన్మార్క్ శాస్త్రవేత్త జపెటస్ స్టీన్‌స్ట్రప్ 1857లో దీనికి శాస్త్రీయ నామం పెట్టారు. దాదాపు అన్ని మహాసముద్రాల్లోనూ ఉంటుంది. రెండోది కొలోసల్ స్క్విడ్. ఇది అంటార్కిటికా చుట్టూ ఉన్న చలి నీళ్లది. ఒక స్పెర్మ్ తిమింగలం కడుపులో దొరికిన చేతుల ముక్కల ఆధారంగా 1925లో గై రాబ్సన్ దీన్ని లోకానికి పరిచయం చేశారు. పొడవులో జెయింట్‌ది పైచేయి, బరువులో కొలోసల్‌ది.

ఇక పొడవు. పుస్తకాల్లో తరచు కనబడే 55, 60 అడుగుల లెక్కలు ఎక్కడివి? వాటిలో ఒకదాని పుట్టుక మనకు స్పష్టంగా తెలుసు. 1887లో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్ పక్కన లయల్ బే తీరానికి ఒక జెయింట్ స్క్విడ్ కొట్టుకొచ్చింది. దాన్ని ముందుగా చూసిన జాలరి 62 అడుగులుందని చెప్పాడు. అతని దగ్గర టేపు లేదు, అడుగులు వేసి కొలిచి ఉంటాడు. థామస్ కిర్క్ అనే శాస్త్రవేత్త అదే రోజు వెళ్లి కొలిస్తే 55 అడుగుల పైచిలుకు వచ్చింది. అందులో ఏ భాగం ఎంతో విడదీసి చూస్తేగాని విషయం తెలియదు. 49 అడుగులు టెంటకిల్స్‌వే. మాంటిల్ ఆరడుగులు కూడా లేదు, 5 అడుగుల 11 అంగుళాలు. పాత కొలతలో చెప్పాలంటే ఒక్క బార.

ఆరడుగుల ఒంటికి 49 అడుగుల చేతులా అని మీకు అనుమానం రావాలి. స్క్విడ్ నిపుణులకూ అదే వచ్చింది. న్యూజిలాండ్‌కు చెందిన స్టీవ్ ఓషే నూటికి పైగా జెయింట్ స్క్విడ్‌లను స్వయంగా పరీక్షించారు. వాటిలో ఏ ఒక్కదాని మాంటిల్ రెండుంపావు మీటర్లు దాటలేదు. టెంటకిల్స్‌తో కలిపి ఆడ స్క్విడ్ సుమారు 13 మీటర్లు, మగది 10 మీటర్ల దాకా ఉంటుందని ఆయన లెక్క. సముద్రంలోని భారీ జంతువుల కొలతలన్నిటినీ తిరగదోడి 2015లో వెలువడిన ఒక పరిశోధన, నమ్మదగిన గరిష్ఠ పొడవు 12 మీటర్లని తేల్చింది. పెద్ద ఆర్టీసీ బస్సు ఒకటి అంత పొడవుంటుంది.

మరి ఆ మిగతా అడుగులు ఎక్కడి నుంచి వచ్చాయి? టెంటకిల్స్‌లో ఎముక లేదు, అంతా కండే. బతికుండగానే అవి చాచుకుంటాయి, ముడుచుకుంటాయి. చచ్చి, అలల్లో నాని, ఇసుక మీద ఈడ్చుకొచ్చేసరికి రబ్బరులా సాగుతాయి. కొలిచేవాళ్లు తిన్నగా పరవడానికి లాగితే ఇంకా సాగుతాయి. ఒక్కోసారి దీనికి పూర్తిగా ఉల్టా జరుగుతుంది. టెంటకిల్స్ తెగిపోయి, పెద్ద జీవి కూడా చిన్నదిగా లెక్కలో పడుతుంది. కాబట్టి మొత్తం పొడవు అనే అంకె ఎటైనా జారిపోగలదు. నిపుణులు మాంటిల్ పొడవునే ప్రమాణంగా తీసుకోవడానికి కారణం ఇదే. అది అంత తేలిగ్గా సాగదు, అంత తేలిగ్గా తెగదు. తీరానికి రాకాసి స్క్విడ్ కొట్టుకొచ్చిందన్న వార్త కనబడితే మాంటిల్ ఎంతో అందులో రాశారేమో వెతకండి. రాయకపోతే ఆ పొడవును నేనైతే లెక్కలోకి తీసుకోను.

కొలత ఎంతలా మారిపోగలదో చూపే ఉదంతం ఇంకొకటి ఉంది. 2007 ఫిబ్రవరిలో అంటార్కిటికా దగ్గరి రాస్ సముద్రంలో శాన్ ఆస్పైరింగ్ అనే న్యూజిలాండ్ పడవ టూత్‌ఫిష్ అనే పెద్ద చేపల కోసం గాలాలు వేసింది. గాలానికి పడ్డ చేపను తింటూ ఒక కొలోసల్ స్క్విడ్ దానితోపాటే పైకి వచ్చింది. చేపను వదలలేదు. పడవ మీదికి చేర్చడానికి రెండు గంటలు పట్టింది. పొడవు 10 మీటర్లు ఉంటుందని అప్పుడు వార్తలు రాశారు. గడ్డకట్టించి వెల్లింగ్టన్‌లోని టె పాపా మ్యూజియానికి చేర్చారు. 2008లో దాన్ని చల్లని ఉప్పునీటి తొట్టిలో ఉంచి నెమ్మదిగా కరిగించారు. తొందరపడితే లోపల మంచు కరిగేలోగా పైన కుళ్లిపోతుంది. తీరా కొలిస్తే మొత్తం 4.2 మీటర్లే వచ్చింది. టెంటకిల్స్ ముడుచుకుపోయాయి. మాంటిల్ మాత్రం రెండున్నర మీటర్లు ఉంది, ఏ జెయింట్ స్క్విడ్‌కూ లేనంత.

బరువు 495 కిలోలు. ఈడొచ్చిన ముర్రా గేదె అంత బరువు. వెన్నెముక లేని జంతువుల్లో ఇంతకంటే బరువైనది ఇప్పటిదాకా తూకానికి ఎక్కలేదు. జెయింట్ స్క్విడ్ ఆడవి కూడా సుమారు 275 కిలోల దగ్గర ఆగుతాయి. పొడవు విషయంలో చెప్పినంత జాగ్రత్త బరువు విషయంలో అక్కర్లేదు. లాగినంత మాత్రాన బరువు పెరగదు కదా.

అంతకంటే పెద్దవి సముద్రంలో ఉండవని ఎవరు చెప్పొచ్చారు అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. ఉన్నాయనడానికి ఆధారమే ఉంది, అదీ తిమింగలాల కడుపుల్లో. స్క్విడ్ నోట్లో చిలుక ముక్కులాంటి గట్టి ముక్కు ఉంటుంది. ఒళ్లంతా అరిగిపోయినా ఈ ముక్కు మాత్రం తిమింగలానికి అరగదు. 2007లో దొరికిన స్క్విడ్ కింది ముక్కు 42.5 మిల్లీమీటర్లు. స్పెర్మ్ తిమింగలాల కడుపుల్లో 49 మిల్లీమీటర్ల ముక్కులు దొరికాయి. అంటే దాదాపు 15 శాతం పెద్దవి. జీవి పొడవు, వెడల్పు, మందం మూడూ అదే 15 శాతం పెరిగాయనుకుంటే బరువు ఒకటిన్నర రెట్లవుతుంది, 750 కిలోల దాకా వెళ్తుంది. కాని ముక్కు పెరిగినంతగా ఒళ్లు పెరగాలని లేదు. అందుకే నిపుణుల అంచనాలు 600, 700 కిలోల దగ్గర ఉంటాయి. ఇది లెక్క కట్టిన అంకె, తూచిన అంకె కాదు. ఆ తేడా మనసులో పెట్టుకోవాలి.

ఈ ముక్కులకు మన వార్తలతో ఒక సంబంధం ఉంది. తిమింగలం వాంతి పేరుతో అంబర్‌గ్రిస్‌ను అమ్మబోయి పోలీసులకు దొరికినవాళ్ల గురించి మనం తరచు చదువుతుంటాం. అది స్పెర్మ్ తిమింగలం పేగుల్లో తయారయ్యే మైనంలాంటి పదార్థం. దాన్ని చీల్చి చూస్తే లోపల తరచు స్క్విడ్ ముక్కులు కనిపిస్తాయి. గుచ్చుకునే ఆ ముక్కుల వల్ల పేగులు దెబ్బతినకుండా ఇది తయారవుతుందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. స్పెర్మ్ తిమింగలం మన వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉంది కాబట్టి మన దేశంలో అంబర్‌గ్రిస్ కొనడం, అమ్మడం నేరం.

పొడవు సంగతి కాసేపు వదిలేద్దాం. నా మటుకు నాకు ఈ జీవిలో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది దాని కన్ను. టె పాపాలో కొలిచినప్పుడు కొలోసల్ స్క్విడ్ కన్ను 27 సెంటీమీటర్ల అడ్డం ఉంది. మనం అన్నం తినే కంచం అంత. మనిషి కంటిగుడ్డు అడ్డం 2.4 సెంటీమీటర్లు. అడ్డంలో తేడా పదకొండు రెట్లే అనిపిస్తుంది. కాని గుండ్రని వస్తువు పరిమాణం మూడు దిక్కులా పెరుగుతుంది. పదకొండును మూడుసార్లు గుణించుకుంటే 1,331. మన కళ్లు వెయ్యికి పైగా పట్టే చోటు దాని ఒక్క కన్నుకు కావాలి. నీలి తిమింగలం కన్నే ఇందులో సగం ఉండదు. కత్తిచేప కన్ను 9 సెంటీమీటర్లు, మూడో వంతు మాత్రమే.

సూర్యకాంతి చేరని చోట అంత పెద్ద కన్ను ఎందుకు? స్వీడన్‌లోని లండ్ విశ్వవిద్యాలయానికి చెందిన డాన్-ఎరిక్ నిల్సన్, ఆయన సహచరులు 2012లో దీనికి లెక్కలతో జవాబు చెప్పారు. చిన్న చిన్న ఎరలను చూడ్డానికే అయితే కత్తిచేప కన్ను అంత సైజు చాలు, అంతకు మించితే పెద్దగా లాభం లేదు. పెద్ద కన్ను పనికొచ్చేది ఒకే ఒక్క పనికి, దూరంగా మసగ్గా వెలిగే పెద్ద ఆకారాన్ని గుర్తించడానికి. స్పెర్మ్ తిమింగలం దూసుకొస్తుంటే దాని దారిలో ఉన్న సూక్ష్మజీవులు, జెల్లీచేపలు కదిలి మిణుకుమిణుకుమంటాయి. తిమింగలం ఆకారం ఆ వెలుగులో తేలుతుంది. 600 మీటర్ల కింద కూడా ఈ కన్ను ఆ వెలుగును 120 మీటర్లకు పైగా దూరం నుంచి పసిగట్టగలదని వాళ్ల లెక్క. దాదాపు క్రికెట్ మైదానంలో ఈ బౌండరీ నుంచి ఆ బౌండరీకి ఉండే దూరం.

ఇది చదివాక ఒక మాట తట్టాలి. తిమింగలం చప్పుళ్లు చేసి వాటి ప్రతిధ్వని ద్వారా వేటాడుతుంది కదా, దానికి స్క్విడ్ అంతకు ముందే దొరికిపోదా? దొరుకుతుంది. ప్రతిధ్వని 120 మీటర్ల కంటే ఎక్కువ దూరం పనిచేస్తుంది. అయితే శత్రువు కంటబడిన క్షణం నుంచి మీద పడే క్షణం దాకా స్క్విడ్‌కు కొంత వ్యవధి చిక్కుతుంది. ఎటు తప్పుకోవాలో తేల్చుకుని ఒళ్లు కదిలించడానికి ఆ వ్యవధి చాలు. ఆ కొద్ది క్షణాల కోసమే ఇంత పెద్ద కన్ను.

ఇంత ఒళ్లు పోషించాలంటే రోజూ ఎంత తినాలి? ఇక్కడ చాలామంది ఊహ తలకిందులవుతుంది. రుయి రోసా, బ్రాడ్ సీబెల్ 2010లో వేసిన లెక్క ప్రకారం, ఒకటిన్నర డిగ్రీల చలి నీటిలో బతికే 500 కిలోల కొలోసల్ స్క్విడ్‌కు రోజుకు సుమారు 30 గ్రాముల ఆహారం చాలు. శక్తిలో 45 కేలరీలు. ఒక ఇడ్లీ తింటే మనకు వచ్చేది దాదాపు అంతే. ఐదు కిలోల చేప ఒకటి దొరికితే అయిదు నెలలు గడిచిపోతుంది. ఓడలను ముంచే రాక్షసి అని కథలు రాసినదాని రోజువారీ తిండి ఇది. అది వెంటాడి వేటాడే జంతువు కాదని, నీళ్లలో కదలకుండా తేలుతూ దగ్గరికొచ్చినదాన్ని పట్టుకునే జంతువని ఆ ఇద్దరు శాస్త్రవేత్తల అభిప్రాయం. దాని టెంటకిల్స్ చివర గుండ్రంగా తిరిగే కొక్కేలున్నాయి. చిక్కినదాన్ని జారనివ్వకపోవడం వాటి పని. చిక్కిందాన్ని పెద్ద ముక్కలుగా మింగే వీలు మాత్రం లేదు. స్క్విడ్ మెదడు ఉంగరం ఆకారంలో ఉంటుంది, ఆహారనాళం సరిగ్గా ఆ ఉంగరం మధ్యలోంచి పోతుంది. కనుక ముక్కుతో సన్నగా తరిగాకే మింగాలి.

మనం తినొచ్చా అన్న ప్రశ్న కూడా తప్పకుండా వస్తుంది. నోట పెట్టలేం. తేలడానికి వీటికి చేపల్లా గాలితిత్తి లేదు. దానికి బదులు కండల నిండా అమ్మోనియం క్లోరైడ్ ద్రావణం ఉంటుంది. అది సముద్రపు నీటికంటే తేలిక, కాబట్టి కష్టపడి ఈదకుండానే నీటిలో నిలబడగలవు. ఆ కండ ఘాటుగా, చేదుగా ఉంటుంది. ఇదే రసాయనం మనకు వేరే మేలు చేసింది. చచ్చిన జెయింట్ స్క్విడ్ అడుక్కి మునగకుండా పైకి తేలి ఒడ్డుకు చేరుతుంది. అలా చేరకపోయి ఉంటే ఈ జీవి సంగతి తెలియడానికి మనకు ఇంకా చాలాకాలం పట్టేది.

నిజమే, చాలాకాలం పాటు మనకు శవాలే ఆధారం. 1870ల్లో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో మోజెస్ హార్వే అనే మతబోధకుడు జాలర్ల వలలో పడ్డ ఒక జెయింట్ స్క్విడ్‌ను పది డాలర్లకు కొన్నాడు. ఇంట్లో స్నానపు తొట్టి మీది తెర కడ్డీకి దాని చేతులు వేలాడదీసి ఫొటో తీయించాడు. ఆ ఫొటో చూశాక ఇది ఉత్త నావికుల కథ అనడానికి ఎవరికీ వీల్లేకపోయింది. బతికున్నదాన్ని దాని లోతులోనే ఫొటో తీసింది 2004 సెప్టెంబరు 30న. స్టీన్‌స్ట్రప్ పేరు పెట్టిన 147 ఏళ్లకు. జపాన్ శాస్త్రవేత్తలు సునేమి కుబొదెరా, క్యోయిచి మోరి ఒగసవారా దీవుల దగ్గర 900 మీటర్ల లోతుకు ఎర, కెమెరా కట్టిన తాడు దించారు. ఎర గాలానికి ఒక టెంటకిల్ చిక్కుకుంది. విడిపించుకోవడానికి అది నాలుగు గంటలకు పైగా పెనుగులాడింది. కెమెరా 500కు పైగా ఫొటోలు తీసింది. చివరికి టెంటకిల్ తెగిపోయింది. ఆ తెగిన ముక్కే అయిదున్నర మీటర్లు.

దాని లోతులోనే వీడియో తీయడానికి మరో ఎనిమిదేళ్లు పట్టింది. కారణం మన పద్ధతిలోనే ఉంది. హోరుమనే యంత్రాలతో, తెల్లని లైట్లతో దిగితే చీకటికి అలవాటుపడ్డ కంచమంత కళ్లున్న జీవి దగ్గరికి రాదు. అమెరికా శాస్త్రవేత్త ఎడిత్ విడర్ రెండు మార్పులు చేశారు. మోటారు చప్పుడు లేని కెమెరాకు ఎర్ర లైటు పెట్టారు. లోతు సముద్రపు జీవుల్లో ఎక్కువ వాటికి ఎరుపు కనబడదు. ఎర దగ్గర నీలి దీపాల వలయం అమర్చారు. అటోలా అనే జెల్లీచేపను ఏదైనా జీవి తినబోతే అది చక్రంలా నీలి వెలుగులు చిమ్ముతుంది, తనను పట్టుకున్నదాన్ని తినగల ఇంకా పెద్ద జీవిని పిలుస్తున్నట్టు. విడర్ దీపాలు దాన్ని అనుకరించాయి. 2012 జులైలో ఒగసవారా దగ్గరే ఆ పిలుపుకు జెయింట్ స్క్విడ్ వచ్చింది. అదే యాత్రలో కుబొదెరా జలాంతర్గామిలో 630 మీటర్ల దగ్గర మరొకదాన్ని కళ్లారా చూసి, దానితోపాటు 900 మీటర్ల దాకా దిగారు. దాని పొడవు సుమారు 3 మీటర్లు. టెంటకిల్స్ రెండూ తెగిపోయి ఉన్నాయి. అవే ఉంటే 8 మీటర్లు ఉండేదని అంచనా. ఒకే జీవికి రెండు పొడవులు, రెండూ సరైనవే.

కొలోసల్ స్క్విడ్ మరీ ఆలస్యంగా కనిపించింది. 2025 మార్చి 9న దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ శాండ్‌విచ్ దీవుల దగ్గర, ష్మిట్ ఓషన్ ఇన్‌స్టిట్యూట్ వారి సుబాస్టియన్ అనే రిమోట్ యంత్రం 600 మీటర్ల లోతులో ఒక పిల్లను చిత్రీకరించింది. 30 సెంటీమీటర్లు, బడిపిల్లల స్కేలు అంత. ఒళ్లు గాజులా పారదర్శకం. చేతుల మధ్యలో ఉన్న కొక్కేలను చూసి అది ఏ జాతో గుర్తుపట్టారు. రాబ్సన్ ఈ జాతిని పరిచయం చేసి అప్పటికి సరిగ్గా వందేళ్లు.

ఎదిగిన కొలోసల్ స్క్విడ్ తన లోతులో తానుగా తిరుగుతుండగా ఎవరూ చిత్రీకరించలేదన్నది ఈ వీడియోను ప్రకటించిన నాటి మాట. అప్పటిదాకా చూసినవి చాలావరకు గాలాలతో, వలలతో పైకి వచ్చినవో, తిమింగలాల కడుపులోంచి తీసినవో. ఈ రిమోట్ యంత్రాలు రెండు లేజర్ చుక్కలను ఎప్పుడూ ఒకే ఎడంలో ఉండేలా ఎదుటి జీవి మీద వేస్తాయి. ఆ ఎడం ముందే తెలుసు కాబట్టి, తాకకుండా, చంపకుండా, లాగకుండా వీడియోలోనే జీవిని కొలవొచ్చు. ఎదిగిన కొలోసల్ ఏనాడైనా ఆ చుక్కల ముందుకు వస్తే మాంటిల్ ఎంత, టెంటకిల్స్ ఎంత అని విడివిడిగా కొలుస్తారు. అవి చచ్చాక సాగిన కొలతలూ కావు, చచ్చాక ముడుచుకున్న కొలతలూ కావు.